మునిగాక వచ్చే వార్త కాదు, ముందే రావాల్సిన వార్త

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో భద్రాచలం వద్ద గోదావరి మట్టం మీ పత్రికలో రోజూ వస్తుంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని బడిపిల్లలు కూడా చెప్పగలిగేంతగా ఆ అంకెలు జనం నోళ్లలో నానాయి. దసరా దాటాక ఆ చిన్న పెట్టె పేజీలోంచి మాయమవుతుంది. కుటుంబాలు పిల్లాపాపలతో నీళ్ల దగ్గరికి బయలుదేరేది మాత్రం సరిగ్గా అప్పటి నుంచే. 2025 మే నెలాఖరులో కోనసీమలోని కమిని లంక దగ్గర ఎనిమిది మంది యువకులు గోదావరిలో మునిగి చనిపోయారు. రెండు వారాలు గడవకముందే మేడిగడ్డ దగ్గర మరో ఆరుగురు. ఆ రెండు రోజుల్లోనూ నది వరద మీద లేదు. ప్రమాదం జరిగాక మీరు మొదటి పేజీలో ఇచ్చే చోటులో పదో వంతు ముందే ఇచ్చి, ఎక్కడ దిగవచ్చో ఎక్కడ దిగకూడదో, ఎందుకో రాయండని కోరడానికే ఈ ఉత్తరం.

ఉదాహరణకు ములుగు జిల్లానే తీసుకుందాం. వరంగల్ నుంచి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా వచ్చి ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే వాజేడు మండలం. అక్కడ చీకుపల్లి వాగు మీద బొగత జలపాతం. పొద్దున బొగత, సాయంత్రం గోదావరి ఇసుక తిన్నెలు చూసుకుని రావడం చిన్నపిల్లలున్న ఇంటికి కూడా సాధ్యమయ్యే ప్రయాణం. బండి ఆపిన చోటి నుంచి జలపాతానికి నడక కొద్ది వందల మీటర్లే. పెద్దగా ఎక్కడాలు లేవు. ఇంత సులువైన దారి కాబట్టే జనం ఏమరుపాటుగా ఉంటారు.

ముందు కాలం సంగతి. జులై నుంచి సెప్టెంబరు దాకా బొగత నిండుగా దూకుతుంది. అది గట్టు మీద నిలబడి కళ్లారా చూడాల్సిన కాలం, దిగాల్సిన కాలం కాదు. ఉధృతి ఎక్కువగా ఉంటే అటవీశాఖ వాళ్లు నీటి దగ్గరికి పోనివ్వరు. ఆ రోజు వాళ్లతో వాదించేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ వాగు నీళ్లలో చాలా భాగం సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ గుట్టల్లో పడిన వానే. బొగత దగ్గర ఎండ కాస్తున్నా, ఎగువన కురిసిన వాన గంటో రెండు గంటలో ఆలస్యంగా కిందికి దిగుతుంది. పిల్లలతో వెళ్లడానికి అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు దాకా మంచి సమయం. నీరు తేటపడుతుంది, జలపాతంలో ఇంకా ధార ఉంటుంది, అటు గోదావరిలో తిన్నెలూ తేలతాయి.

జలపాతం పొద్దున్నే ఎందుకంటే, అక్టోబరులో వాన పడితే ఎక్కువగా మధ్యాహ్నం తిరిగాకే, అదీ ఉరుములతో. తొమ్మిదికి చేరుకుని పన్నెండులోపు పైకి వచ్చేస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. అయిదేళ్ల పిల్లలతో అడవి దారిలో కిలోమీటరుకు అరగంట లెక్క వేసుకోండి. చంటిపిల్లను చంకనెత్తుకుని తడి బండల మీద నడవకూడదు. బరువు ఒక పక్కకు లాగుతుంది, కాలు ఎక్కడ పడుతోందో కనబడదు. వీపున గుడ్డతో గట్టిగా కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. హవాయి చెప్పులు వద్దు. మడమ వెనక పట్టీ ఉండి, అడుగున గాడులున్న రబ్బరు చెప్పులు కావాలి. జీన్సు ప్యాంటు తడిస్తే కాళ్లకు రాళ్లు కట్టుకున్నట్టే.

బండల రంగు చూసి అడుగు వేయాలి. పొడిగా, బూడిదరంగులో, గరుకుగా కనిపించేది నమ్మదగ్గ బండ. నల్లగా నిగనిగలాడుతున్నా, ఆకుపచ్చ నీడ కనిపిస్తున్నా అది పాచి. దాని మీద చెప్పు ఏదైనా ఒకటే. జలపాతం పక్కన జారిపడేవాళ్లలో చాలామంది నీటిలో ఉండగా పడరు, ఫొటో కోసం వెనక్కి అడుగు వేస్తూ పడతారు.

జలపాతం కింద మడుగు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడే పోతున్నారు. ఏళ్ల తరబడి దూకిన నీరు సరిగ్గా పడేచోట బండను తొలిచి గుంత చేస్తుంది. ఒడ్డున మోకాలి లోతు ఉన్న నీరు నాలుగడుగుల్లో మనిషి లోతు దాటిపోవచ్చు. పడే నీరు అడుగుకు పోయి, కొంత దూరంలో పైకి లేచి, పైభాగాన మళ్లీ జలపాతం వైపే తిరిగి వస్తుంది. అందుకే ధార కిందికి వెళ్లిన మనిషి బయటికి ఈదుతున్నా అక్కడే తిరుగుతూ ఉంటాడు. పైగా తెల్లటి నురగంతా గాలి కలిసిన నీరు. అది మనిషిని తేల్చదు. చెయ్యి ఎంత వేసినా పట్టు దొరకదు. కాబట్టి కుటుంబానికి ఒకే సూత్రం చాలు. నురగ ఉన్నచోటికి ఎవరూ పోవద్దు. తేటనీరు మెల్లగా కదిలే దిగువ అంచున, పిల్లలకు మోకాలి దాకా, పెద్దలకు నడుము దాకా, అంతే. తల ముందుకు పెట్టి దూకడం ఎంత లోతు తెలిసినా వద్దు. నిన్నటి వరద తెచ్చి పెట్టిన బండ ఇవాళ ఆ నీటి అడుగున ఉండవచ్చు.

వాగు పొంగబోతోందని నీరే చెబుతుంది. తేటగా ఉన్నది ఒక్కసారిగా ఎర్రబడుతుంది. పుల్లలు, ఎండుటాకులు గుంపుగా కొట్టుకొస్తాయి. ధార చప్పుడు బరువెక్కుతుంది. దిగేముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి మించినది లేదు. పది నిమిషాల్లో పుల్ల మొదలు మునిగితే బట్టలు, గిన్నెలు అక్కడే వదిలేసి పైకి వచ్చేయాలి. ఇంకో సంగతి, చాపలు పరుచుకునేది బండి ఉన్న ఒడ్డునే కావాలి. వాగు దాటి అవతల కూర్చుంటే తిరిగి రావడం మన చేతిలో ఉండదు. 2023 జులైలో వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలో ముత్యంధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మందికి ఇదే జరిగింది. తిరుగుదారిలో వాగు పొంగింది. దాటే ప్రయత్నం చేయవద్దని, ఎత్తైన చోట ఉండమని పోలీసులు ఫోనులో చెప్పారు. రాత్రంతా అడవిలోనే గడిపారు, విపత్తు దళం వచ్చి క్షేమంగా దాటించింది. వాళ్లు బతికింది ఆగినందుకే. మోకాలి లోతు నీరైనా వేగంగా పోతుంటే పెద్ద మనిషిని పడేస్తుంది. రెండడుగుల నీరు చాలు కారు తేలిపోవడానికి.

ఇక గోదావరి. మధ్యాహ్నం ఇసుక కాళ్లను కాలుస్తుంది కాబట్టి మూడున్నర తర్వాత చేరుకోవాలి. నవంబరులో అయిదున్నరకే పొద్దుగూకుతుంది, అంటే చేతిలో ఉండేది రెండు గంటలు. పిల్లలు ఇసుకలో గూళ్లు కట్టుకోవడానికి అది చాలు. తిన్నె మీద ఆట సంతోషం, తిన్నె అంచు ప్రమాదం. నది వంపు తిరిగేచోట లోపలి వైపు ఇసుక మెల్లగా వాలుతూ పోతుంది. బయటి వైపు నీరు కోసుకుపోయి ఒడ్డు గోడలా నిలబడుతుంది. కింద నీరు తొలిచేసిన ఆ అంచు మీద ఇద్దరు నిలబడితే ఇసుక పెళ్లతో సహా లోపలికి పోతారు. అడుగు పెడితే జిగురుగా వణికే తడి ఇసుక కనిపిస్తే అది ఊబి కావచ్చు. కాలు దిగబడితే గుంజుకోకుండా వెనక్కి పడుకుని, కాలిని కొద్దికొద్దిగా కదుపుతూ తీయాలి.

అన్నిటికన్నా మోసం చేసేవి మనుషులు తవ్విన గోతులు. ఇసుక క్వారీలో యంత్రం ఎండాకాలం తవ్విన గొయ్యి వానాకాలంలో నీటితో నిండుతుంది. పైకి చూస్తే పక్కనున్న మోకాలి లోతు నీటికీ దానికీ తేడా తెలియదు. అంచున ఉన్నది వదులు ఇసుక, కాలు పెట్టగానే జారుతుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే పెద్దవాళ్లలో ఒకరు కర్రతో అడుగు వెతుక్కుంటూ ముందు దిగి, లోతు వైపున నిలబడాలి. పిల్లలు ఆ మనిషికీ ఒడ్డుకూ మధ్యే ఆడాలి. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఈ చోటికి ఎగువన తుపాకులగూడెం దగ్గర 59 గేట్ల సమ్మక్క బ్యారేజీ ఉంది. గేట్లు ఎత్తితే దిగువన వానచుక్క లేకుండానే నీరు పెరుగుతుంది. ఇక్కడా పుల్ల గుచ్చే పద్ధతే కాపాడుతుంది.

గోదావరి మరణాలు ఒక్కరితో ఆగకపోవడానికి కారణం ఉంది. ఒకరు మునుగుతుంటే రెండోవాడు దూకుతాడు, మునిగేవాడు అతని మెడ పట్టుకుంటాడు, మూడోవాడు వాళ్ల కోసం దిగుతాడు. చెయ్యి అందించాలని దిగడం కన్నా ఏదైనా విసరడం మేలు. 15 మీటర్ల నైలాన్ తాడు, దాని కొసకు మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నూనె డబ్బా. డబ్బాలో ఒక గ్లాసు నీళ్లు ఉంచితే విసిరినప్పుడు గాలికి పక్కకు పోదు, మనిషిని తేల్చడానికి కావలసినంత గాలీ ఉంటుంది. మొత్తానికి అయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్లంత. తాడు లేకపోతే చీర, పంచె, పొడుగు వెదురు ఏదైనా సరే, ఒడ్డున పడుకుని అందించాలి, నిలబడి కాదు.

బయటికి తీసిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ జరుగుతోంది. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో అయిదుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్లీ 30. 108 వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది రావచ్చు.

మిగతావి క్లుప్తంగా. మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు, పులిహోర, ఓఆర్ఎస్ పొట్లాలు. వాగు నీళ్లు తాగకూడదు. చీకటి పడితే దోమలు, ఏజెన్సీలో మలేరియా ఉంది, నిండు చేతుల చొక్కాలు వేయాలి. అడవిలో ఫోను సిగ్నల్ నమ్మవద్దు, ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి. గాజు సీసాలు తీసుకెళ్లేవాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాం, మీరు పగలగొట్టిన సీసా ముక్క దిగేది ఎవరి బిడ్డ అరికాల్లోనో.

అధికారులు చేయాల్సిన పనులూ పెద్దవేమీ కావు. మడుగు అంచున, తిన్నెల పక్కన రంగు గీతల లోతు స్తంభాలు. క్వారీ గోతుల చుట్టూ వెదుళ్లు పాతి ఎర్రజెండాలు. గేట్లు ఎత్తేముందు దిగువ రేవుల్లో సైరన్. ప్రతి చోటా కొట్టొచ్చినట్టు కనబడేలా ఒక తాడు, గాలి నింపిన ట్యూబు. ఆ నీళ్లను చిన్ననాటి నుంచీ ఎరిగిన కోయ యువకులకు టికెట్ల డబ్బులోంచి జీతమిచ్చి గజ ఈతగాళ్లుగా పెట్టవచ్చు. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉంటే వాళ్లు తడిబట్టలతో చీకటి పడేదాకా ఉండిపోయే అవస్థ తప్పుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, నదిని ఎన్నడూ చూడని కుటుంబాలు కూడా వస్తాయి.

మీ వంతుగా కోరేది ఒక్క పెట్టె. జిల్లా పేజీలో, ప్రతి శనివారం, ఏడాది పొడవునా. బొగతలో దిగనిస్తున్నారా లేదా, ఎగువన వాన సూచన ఉందా, సమ్మక్క బ్యారేజీలో ఎన్ని గేట్లు ఎత్తారు, ఏ రేవు దగ్గర తవ్విన గోతులు ఉన్నాయి. నాలుగు వరుసలు. ఆదివారం పొద్దున పిల్లలను బండి ఎక్కించే తల్లిదండ్రులు అది చూసుకుని బయలుదేరతారు.

ఇట్లు,
ఏటూరునాగారం ప్రాంత పాఠకులు