ఆరుతడికి కొలత చెప్పండి

సంపాదకులకు,

'వరికి నీళ్లు తగ్గించండి, మీథేన్ తగ్గుతుంది' అన్న సలహా ఈమధ్య తరచూ కనిపిస్తోంది. మాట నిజమే. నీరు నిలిచిన మట్టికి గాలి ఆడదు, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును పుట్టించే సూక్ష్మజీవులకు అదే అనువు. మధ్యమధ్య మడి ఆరితే వాటి జోరు తగ్గుతుంది. ఇలా ఆరనిచ్చి మళ్లీ తడపడమే ఆరుతడి. కానీ ఎంతవరకు ఆరనివ్వాలో చెప్పకపోతే ఆ సలహా రైతుకు అక్కరకు రాదు.

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన కొలత చాలా సులువు. 30 సెంటీమీటర్ల పొడవు, 10–15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పీవీసీ పైపు ముక్క తీసుకుని కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేయాలి. గట్టుకు మీటరు దూరంలో, మెరకా పల్లమూ కాని చోట 15 సెంటీమీటర్లు దింపాలి. లోపలి మట్టిని తప్పకుండా తోడేయాలి, లేకపోతే నీటిమట్టం కనబడదు. మడిలో నీళ్లున్నప్పుడు పైపు లోపలా బయటా మట్టం ఒకటిగా లేదంటే బెజ్జాలు పూడుకున్నట్టే. పీకి, కడిగి, మళ్లీ దింపాలి.

నాటిన ఒకటి రెండు వారాలకు ఆరుతడి మొదలుపెట్టవచ్చు. కలుపు ఎక్కువగా ఉంటే మరో రెండు మూడు వారాలు నీరు నిలిపి దాన్ని అణచాకే ఆరబెట్టాలి. పైపులో నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక 5 సెంటీమీటర్ల నీరు పెట్టాలి. పైన నీరు కనబడలేదని కంగారు పడక్కర్లేదు, వేళ్లకు తేమ అందుతూనే ఉంటుంది. అంతకు మించి ఎండబెడితే మాత్రం బరువు నేలలు నెర్రెలిచ్చి, పెట్టిన నీరంతా ఆ నెర్రెల్లోకే పోతుంది. యూరియాను ఆరిన నేల మీద చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. ఇసుక నేలలకు, చవుడు నేలలకు ఈ పద్ధతి వద్దు.

పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడిలో నీరు ఉండి తీరాలి. పూలు విచ్చుకునే వేళ ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలక తాలు గింజలు పెరుగుతాయి. నీరుంటే మొక్క ఆవిరి వదులుతూ కంకిని కొంత చల్లబరుచుకుంటుంది.

ఇదంతా మోటారున్న రైతుకు చేతిలో పనే. కాలువ చివర వంతు కోసం ఎదురుచూసే రైతు మాత్రం, మళ్లీ నీరు ఎప్పుడొస్తుందో తెలియక, వచ్చినప్పుడే మడి నిండా పెట్టుకుంటాడు. అతణ్ని తప్పుపట్టలేం. నీటి విడుదల తేదీలను సీజన్ మొదట్లోనే ప్రకటించి, పూత వారాల్లో వంతు తప్పకుండా చూడాలని నీటిపారుదల అధికారులను కోరుతున్నాం. ఆ తేదీలను మీ పత్రికలో ప్రచురిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
కొందరు పాఠకులు