పాత కారుకు మీరు అమ్మిన ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బుల గురించి ఫిర్యాదు

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: 2005 మోడల్ కారుకు మీ దగ్గర కొన్న హెచ్4 (డిమ్, హై రెండూ ఒకే బల్బులో ఉండే రకం) ఎల్ఈడీ బల్బుల జత, తప్పుడు ప్రకటన, డబ్బు వాపసు.

నమస్కారం. నేను కడప నుంచి రాస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో మీ యాప్‌లో 2,499 రూపాయలు కట్టి ఈ బల్బులు తెప్పించుకున్నాను. ఇప్పటికి మీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను, మూడుసార్లూ నాకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా 'పరిష్కరించబడింది' అని మూసేశారు. ఏమీ పరిష్కారం కాలేదు. అందుకే ఈసారి జరిగిందంతా వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మాది మా నాన్న కొన్న మారుతి 800. ఆయన పోయాక నేనే వాడుతున్నాను, అమ్మే ఆలోచన లేదు. ఇంజిన్ బాగుంది, ఏసీ కూడా ఓ మోస్తరుగా పనిచేస్తుంది, ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది రాత్రి వెలుతురు. మా అమ్మ రాయచోటి దగ్గర ఊళ్లో ఉంటుంది, ప్రతి ఆదివారం వెళ్లి చీకటి పడ్డాక తిరిగొస్తాను, మధ్యలో గువ్వలచెరువు ఘాట్ దిగాలి. ఆ మలుపులు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, రాత్రంతా లారీలు తిరిగే రోడ్డు అది. పాత హాలోజన్ బల్బుల పసుపు వెలుగులో రోడ్డు అంచు సరిగా కనపడక టెన్షన్ పడుతూ నడిపేవాణ్ని. అలాంటప్పుడు మీ ప్రకటన కనపడింది. 'పాత కార్లకు ప్రత్యేకం, 20,000 లూమెన్లు, వైరింగ్ మార్చక్కర్లేదు, పెట్టి మరచిపోండి.' లూమెన్ అంటే వెలుగు కొలత, అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువని నమ్మాను, కొన్నాను.

మొదటి రాత్రి మా వీధిలో చూసుకుంటే చాలా సంతోషం వేసింది, ఎదురింటి గోడంతా పట్టపగల్లా తెల్లగా వెలిగింది. అది సంతోషపడాల్సిన విషయం కాదని ఆదివారం ఘాట్‌లో తెలిసింది.

అమ్మను చూసి తిరిగొస్తూ గువ్వలచెరువులో ఆగి పాలకోవా తీసుకుని ఘాట్ దిగుతున్నాను. రెండు మూడు లారీల వాళ్లు వరసగా లైట్లు కొట్టారు, నేను డిమ్‌లోనే ఉన్నాను కాబట్టి నన్ను కాదేమో అనుకున్నాను. తర్వాత మలుపులో కింది నుంచి ఒక బైక్ ఎక్కుతూ వచ్చింది, ముందు పెట్రోల్ ట్యాంక్ మీద చిన్న బిడ్డ, వెనక భార్య. నా లైటు పడగానే ఆయన ఒక చేయి హ్యాండిల్ మీద నుంచి తీసి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు, బండి తూలి రోడ్డు పక్క కంకరలోకి దిగిపోయింది. దేవుడి దయ, పడలేదు. నేను కారు ఆపి పరిగెత్తాను. ఆయన నన్ను తిట్టలేదు కూడా. 'లైటు కాస్త కిందికి ఏసుకోకూడదా అన్నా, రోడ్డే కనపల్యా' అన్నాడు. డిమ్‌లోనే ఉంది అని నేను చెబితే ఆయన నమ్మలేదు, దగ్గరికి తీసుకొచ్చి స్విచ్ చూపించాను. బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, ఈ లేఖ రాయడానికి 2,499 రూపాయల కంటే అదే పెద్ద కారణం.

ఇంకో సంగతి. అంత తెల్లటి వెలుగు ఉన్నా నాకు దూరం ఏమీ బాగా కనపడలేదు. కారు ముందు పది పదిహేను అడుగులు మాత్రం తెల్లగా మండిపోతోంది, దాని తర్వాత రోడ్డు నల్లగా ఉంది. దగ్గరి వెలుగుకు కళ్లు అలవాటు పడి దూరం ఉన్నది ఆనదు. కాస్త వాన పడితే ఆ నీలి తెలుపు చినుకుల మీద పడి వెనక్కి మన కళ్లలోకే కొడుతోంది.

మరుసటి రోజు ఏడు రోడ్ల దగ్గర మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన. కారును గోడకు పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, ఒక వైపు నా పాత హాలోజన్, ఇంకో వైపు మీ ఎల్ఈడీ పెట్టి డిమ్ వేసి చూపించాడు. హాలోజన్ వైపు గోడ మీద స్కేలు పెట్టి గీసినట్టు గీత, గీతకు పైన చీకటి, కింద వెలుగు, ఎడమ పక్క మాత్రం గీత కొంచెం పైకి లేచి రోడ్డు అంచును చూపిస్తోంది. మీ బల్బు వైపు గీతే లేదు. సున్నం నీళ్లు విసిరికొట్టినట్టు గోడ పైదాకా తెల్లటి మరకలు. ఆ మరకలే ఎదుటివాళ్ల కళ్లలో పడేది.

ఎందుకో కూడా ఆయనే బల్బు చేతిలో పట్టుకుని చెప్పాడు. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, హై 60 వాట్లు, డిమ్ 55 వాట్లు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది, అది వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నె) కింది సగం మీద పడకుండా ఆపుతుంది, అందుకే పైకి వెలుగు పోదు. లోపలి రిఫ్లెక్టర్, ముందు గ్లాసు, అన్నీ ఆ సన్నటి ఫిలమెంట్ ఉండే చోటునే లెక్కలోకి తీసుకుని చేసినవి. అది ఒక్క మిల్లీమీటరు జరిగినా గోడ మీద వెలుగు ఆకారం మారిపోతుంది. మీ బల్బులో ఫిలమెంట్ లేదు, పలక రెండు వైపులా చిప్‌లు అతికించారు, ఆ పలక మందంగా ఉంది, చిప్‌లు పాత ఫిలమెంట్ ఉండే చోట లేవు. మీ వీడియోలో చెప్పినట్టు బల్బును బిగించే కాలర్ తిప్పి చిప్‌లు సరిగ్గా రెండు పక్కలకు ఉండేలా కూడా పెట్టి చూశాం, మార్పు లేదు. నా పాత బల్బు అడుగున వృత్తంలో 'ఈ' అక్షరం ముద్ర ఉంది, అది ఆమోదం పొందిన బల్బుకు వేసే గుర్తు. మీ బల్బు మీద, డబ్బా మీద ఎక్కడ వెతికినా అలాంటి గుర్తు ఏదీ లేదు.

ఇక మీ 20,000 లూమెన్ల మాట. ఆయన వైరుకు కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఒక్కో బల్బు 13 వోల్టుల దగ్గర 1.9 ఆంపియర్లు తీసుకుంటోంది, అంటే సుమారు 25 వాట్లు. వాట్‌కు 200 లూమెన్లు ఇచ్చే చాలా మంచి ఎల్ఈడీ అనుకున్నా ఒక్కోటి 5,000 దాటదు, జతకు 10,000. దాన్ని 20,000 అని ఎలా రాశారో నాకు చెప్పండి. హాలోజన్ హెచ్4 ప్రమాణం ప్రకారం డిమ్‌లో 1,000, హైలో 1,650 లూమెన్ల దగ్గర ఇస్తుంది, ఉన్న అంత కొద్ది వెలుగునే రిఫ్లెక్టర్ సరైన చోటికి పంపుతుంది. మీ బల్బు వెనక దాన్ని చల్లబరిచే ఫ్యాన్ ఉండడంతో హెడ్‌లైట్ వెనక మూసే రబ్బరు క్యాప్ కూడా పట్టలేదు, అలాగే వదిలేయమని మీ వీడియోలో ఉంది. రెండు వానలకే గ్లాసు లోపల ఆవిరి పట్టింది. ఇంజిన్ వేడి, పైన కడప ఎండ, పంతొమ్మిదో రోజుకే కుడి బల్బు ఫ్యాన్ ఆగిపోయి వెలుగు మసకబారింది. ఆ లైట్లు వేసినప్పుడు ఆకాశవాణి కడప పెడితే బరబరమనే శబ్దం తప్ప ఏమీ వినపడదు, లైటు ఆపితే రేడియో మళ్లీ మామూలే.

అసలు నా కారు లైట్లు డల్‌గా ఉండడానికి కారణం బల్బు కానే కాదని తేలింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు హోల్డర్ దగ్గర 11.9. ఇరవై ఏళ్ల సన్నటి వైరు, స్విచ్ గుండా పోయే కరెంటు, తుప్పు పట్టిన ఎర్త్ (కారు బాడీకి బిగించే వైరు), వీటిలోనే దాదాపు రెండు వోల్టులు పోతున్నాయి. హాలోజన్‌కు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగులో దాదాపు మూడో వంతు పోతుందట. ఆయన లైట్ల కరెంటు స్విచ్ గుండా పోకుండా చూసే రెండు రిలేలు పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, మధ్యలో ఫ్యూజు వేసి, ఎర్త్ గీకి బిగించి, మామూలు 60/55 హాలోజన్ కొత్తవి పెట్టాడు. ఇప్పుడు హోల్డర్ దగ్గర 13.3 వస్తోంది. అన్నీ కలిపి 1,150 రూపాయలు. 100/90 వాట్ల బల్బులు పెడదామా అని నేనే అడిగితే, పాత హోల్డర్లు కరిగిపోతాయి, ఎదుటివాళ్లకు ఇబ్బంది, వద్దని తిట్టినట్టే చెప్పాడు. వచ్చే లాభం వదులుకుని ఒక ఎలక్ట్రీషియన్ చెప్పగలిగిన ఈ మాట, పాత కార్లకు ప్రత్యేకం అని అమ్మే మీరు ఎందుకు చెప్పరు? 'ముందు మీ వైరింగ్, ఎర్త్ చూపించుకోండి' అని ఒక్క వాక్యం రాస్తే మీకు పోయేదేముంది?

మీ కస్టమర్ కేర్ తీరు వేరుగా చెప్పాలి. బల్బులు వచ్చిన ఆరో రోజునే, అంటే మీ పది రోజుల వాపసు గడువులోనే, వాపసు అడిగాను. పైవాళ్లకు పంపాం, రేపు ఫోన్ వస్తుంది అని నాలుగు రోజులు తిప్పారు, పదకొండో రోజు గడువు అయిపోయిందన్నారు. తర్వాత వాడిన వస్తువు తీసుకోం అన్నారు. పెట్టి చూడకుండా బల్బు ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? చివరికి మీ కారు పాతది, రిఫ్లెక్టర్ పాడై ఉంటుంది అని చాట్‌లో రాశారు. అదే రిఫ్లెక్టర్‌లో హాలోజన్ గీత గీసినట్టు పడుతున్న ఫొటో, మీటరు రీడింగ్ ఫొటోలు, బిల్లు, చాట్ అన్నీ జత చేశాను.

నేను కోరేది ఇది. 2,499 రూపాయలు మొత్తం వాపసు ఇవ్వాలి, బల్బులు మీ ఖర్చుతో తీసుకెళ్లాలి. ఆ 20,000 లూమెన్ల అంకె, 'పాత కార్లకు ప్రత్యేకం' అనే మాట యాప్‌లో నుంచి తీసేయాలి. ఫిలమెంట్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో పెడితే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుందని కొనేముందు కనపడేలా రాయాలి. డబ్బు ఇచ్చేసి మిగతావి వదిలేస్తే నేను ఒప్పుకోను, ఎందుకంటే ఇవే బల్బులు పెట్టుకున్న ఇంకో కారు రేపు అదే ఘాట్‌లో నా ఎదురుగా వస్తుంది, అప్పుడు నేను బైక్ మీద ఉండొచ్చు.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నవాడు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. కానీ అంతదాకా రాకుండా మీలో ఎవరైనా ఒకరు నాకు ఫోన్ చేసి మాట్లాడితే బాగుంటుంది, నంబరు మీ ఆర్డర్ వివరాల్లోనే ఉంది. బల్బులు డబ్బాలో పెట్టి సిద్ధంగా ఉంచాను.

ఇట్లు,
మీ కస్టమర్,
కడప