దామరవాయి గుట్ట మీది సమాధులకు ఒక కాపలా మనిషి కావాలి

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

ములుగు జిల్లాకు మీరు చాలాసార్లు వచ్చే ఉంటారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్ప గుడికి జనం పెరిగారు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది వస్తారు. అదే తాడ్వాయి మండలంలో, దామరవాయి ఊరి దగ్గర గుట్ట మీద ఒక పాత స్మశానం ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు మాత్రం రెండే రకాలు: మాలాంటి చరిత్ర పిచ్చివాళ్లు, గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు. రెండో రకం వాళ్ల వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడి సమాధుల్ని ఊళ్లో రాకాసి గుళ్లు అంటారు. పెద్ద పెద్ద రాతి పలకల్ని నాలుగు వైపులా గోడల్లా నిలబెట్టి, పైన ఇంకో భారీ బండను మూతగా వేశారు. చుట్టూ గుండ్రంగా రాళ్లు పేర్చారు. ఇనుము వాడడం మొదలైన కాలపు మనుషులు, అంటే రెండు వేల ఏళ్లకు పైగా కిందటి వాళ్లు, తమ చనిపోయిన వాళ్ల కోసం కట్టిన ఇళ్లవి. అంత బండను క్రేన్ లేకుండా గుట్ట మీద ఎలా లేపారో పక్కన నిలబడి చూస్తే అస్సలు అంతుపట్టదు. మనుషులు చేయలేరు, రాక్షసులే చేసి ఉంటారని ఊరివాళ్లు అనుకోవడంలో తప్పేముంది?

నిజానికి ఆ పేరే వాటిని ఇన్నాళ్లు కాపాడిందని నా నమ్మకం. రాకాసి పేరు చెబితే పిల్లలు దరికి పోరు, పెద్దలు రాయి కదిలించరు. ఇప్పుడు ఆ భయం పోయింది. కింద బంగారం ఉందన్న పుకారు మాత్రం మిగిలింది. మొన్న చలికాలంలో వెళ్లినప్పుడు ఒక సమాధిలో గోడ పలక పక్కకు ఒరిగి ఉంది, లోపల నడుం లోతు గొయ్యి. మట్టి ఇంకా తడిగానే ఉంది. దారి చూపడానికి వచ్చిన ఊరి మనిషి, చేతిలో కొడవలితో, ఏమీ మాట్లాడకుండా ఆ గొయ్యి వైపే చూస్తూ నిలబడిపోయాడు. నాకు కడుపులో తిప్పినట్టయింది.

అయ్యా, ఇలాంటి సమాధుల్లో దొరికేది బంగారపు బిందెలు కాదు. ఎముకలు, నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. ఎవరికి ఏ వస్తువు పెట్టారు, తల ఏ దిక్కుకు ఉంచారు, కుండ ఎక్కడ ఉంది అన్నదే అక్కడి అసలు సంపద. ఒక్కసారి పారతో కలిపేస్తే ఏ నిపుణుడూ దాన్ని తిరిగి చదవలేడు. ఎముక మళ్లీ గుంటలో వేసినా లాభం లేదు. ఈ సంగతిని చుట్టుపక్కల ప్రతి ఊళ్లో చాటింపు వేయించండి. బోర్డు కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

కాగితం మీద రక్షణ ఎంత ఉన్నా అక్కడొక మనిషి ఉండాలి. దామరవాయి యువకుల్లోనే ఇద్దరికో ముగ్గురికో జీతమిచ్చి కాపలా పెట్టండి, వచ్చినవాళ్లకు గుట్ట చూపించే పనీ వాళ్లకే ఇవ్వండి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న చోటు. ఏం చేసినా ముందు గ్రామసభను అడిగి చేయాలి.

చెట్ల గురించి ఒక మాట. శుభ్రం చేయమంటే జేసీబీ పంపుతారేమోనని నాకు టెన్షన్. వేర్లు పలకల మధ్యకు దూరి ఉన్నాయి. చెట్టును పెకిలిస్తే దాంతో పాటు గోడ కూడా కూలుతుంది. సమాధికి ఆనుకున్న మొక్కల్ని చేత్తో, మొదలు దగ్గర కోయించి వేర్లను అలాగే వదలాలి. ఎండుగడ్డికి నిప్పు పెట్టనివ్వొద్దు, వేడికి రాయి పగులుతుంది. సిమెంటు, రంగులు, టైల్స్ దారి, ఐ లవ్ దామరవాయి లాంటి అక్షరాలు దయచేసి వద్దు. మిగతా అడవిని అడవిగానే ఉంచండి, నీడ రాళ్లకూ మంచిదే.

వీటన్నిటికంటే ముందు జరగాల్సింది లెక్క. ఒక్కో సమాధికి నంబరు, కొలతలు, నాలుగు వైపుల ఫొటోలు, మ్యాపులో చోటు. అప్పుడే రేపు ఏ బండ కదిలిందో తెలుస్తుంది. హైదరాబాద్‌లో పురావస్తు శాఖ 1914లోనే ఏర్పడింది, నూరేళ్లు దాటిన శాఖకు ఇది మోయలేని పని కాదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పూర్వకాలపు మనుషులు పాతిన నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు, అంటే గుర్తింపుకు ముందు మెట్టుకు, ఎక్కాయి. ఆ వార్త చదివిన రోజు ఎంత సంతోషించానో, ఆ వెంటనే దామరవాయి గుర్తొచ్చి అంత బాధపడ్డాను.

జనాన్ని బస్సుల్లో తెచ్చి దింపమని అడగడం లేదు. చలికాలంలో, చిన్న గుంపులుగా, ఊరి మనిషి వెంట ఉండి చూపిస్తే చాలు. మూతబండల మీదకెక్కి సెల్ఫీలు దిగనివ్వకూడదు. ఇక్కడ మనుషుల్ని సాగనంపారని వచ్చినవాళ్లకు ముందే చెప్పాలి.

ఈసారి రామప్పకు వచ్చినప్పుడు ఒక పూట ఇటు కేటాయించండి. పొద్దున్నే వస్తే ఎండ ముదరకముందే గుట్ట దిగొచ్చు. ఆ గొయ్యి ఉన్న సమాధి దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ములుగు అడవుల్లో తరచూ తిరిగే ఒక బడిపంతులు