శ్రీశైలం దారిలో నా చేయి పట్టుకున్న వాళ్లకు

కర్నూలులో మా ఇల్లు నందికొట్కూరు రోడ్డు పక్కనే. ముందు గదిలో నా కుట్టు మిషను ఉంటుంది. ఉగాదికి ముందు వారం రోజులూ ఆ మిషను ముట్టుకోను. గుమ్మం ముందు పందిరి వేసి, రెండు కుండల్లో మజ్జిగ కలుపుకుని కూర్చుంటాను. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోటె, విజయపుర వైపుల నుంచి కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా ఆ రోడ్డు మీదుగానే శ్రీశైలానికి నడిచి వెళ్తారు. భుజాన కావడి, నెత్తిన మూట, మోకాళ్ల దాకా దుమ్ము. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. పండగకు పుట్టింటి నుంచి చీర, పసుపు, కుంకుమ వెళ్లకపోతే పిల్ల చిన్నబుచ్చుకోదా అన్నట్టు నడుస్తారు. పన్నెండేళ్లు వాళ్లకు మజ్జిగ పోశాను. ఈ ఉగాదికి వాళ్ల వెంట నేనూ నడిచాను. ఆ నడకలో నన్ను ఆదుకున్న వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. అందుకే అందరూ చదివే చోట రాస్తున్నాను.

నేనూ మా వదినా కలిసి బయలుదేరాం. మొదటి రోజు నందికొట్కూరు చేరేసరికే చీకటి పడింది. అప్పటిదాకా పోయడమే తప్ప తాగడం ఎరగని దాన్ని కదా, దారిలో ఒక పందిరి దగ్గర చేయి చాపడానికి చాలా మొహమాటపడ్డాను. వెనక నిలబడి, అందరూ తాగాక చూద్దాంలే అనుకున్నాను. పదేళ్ల పాప ఒకతె గ్లాసు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "పెద్దమ్మా, మీరు తాగలేదు, నేను చూశాను" అంది. పన్నెండేళ్లలో నా పందిరి ముందు ఎంతమంది అలా వెనక నిలబడి, తాగకుండానే వెళ్లిపోయారో! ఆ పాపకు ఉన్న చూపు నాకు లేకపోయింది. తల్లీ, నీ మజ్జిగలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆ ఎండకు అదే మంచిదైంది.

ఆత్మకూరులో వదినకు జ్వరం వచ్చింది. ఇద్దరం వెనక్కి తిరిగిపోదామని అనుకున్నాం. మేము ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నామో ఆ ఇంటివాళ్లు వదినను లోపల పడుకోబెట్టారు, గంజి కాచి ఇచ్చారు, మర్నాడు పొద్దున స్వయంగా తీసుకెళ్లి కర్నూలు బస్సు ఎక్కించారు. వదిన తన కొబ్బరికాయ నా మూటలో పెట్టి, "నువ్వు ఆగొద్దు, నా మొక్కు కూడా నువ్వే తీర్చు" అంది. ఆ ఇంటావిడ నాకు ఉగ్గాని పొట్లం కట్టి ఇచ్చి, అటుగా వెళ్తున్న కన్నడ గుంపును ఆపి, "మా అక్క ఒక్కతే వస్తోంది, చూసుకోండి" అని అప్పగించింది. అంతకు ముందు రోజు సాయంత్రం దాకా నేనెవరో ఆమెకు తెలియదు.

ఆ గుంపులో ఇరవై మంది ఉంటారు. నాకు కన్నడం రాదు, వాళ్లలో ముగ్గురికి మాత్రమే కాస్త తెలుగు వచ్చు. అయినా నీరు ఇద్దరికీ నీరే, రొట్టి అన్నా రొట్టె అన్నా ఒకటే. కుర్రవాళ్లు నన్ను "అవ్వా" అని పిలుస్తుంటే మొదట మనసు చివుక్కుమంది. మన వైపు అవ్వ అంటే నాయనమ్మ, అమ్మమ్మ. నాకింకా యాభై నిండలేదు. వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మ అని తెలుగు తెలిసిన పెద్దాయన చెప్పాక, ఆ పిలుపు వినిపించినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేదాన్ని. వాళ్ల మూటల్లో అప్పడాల్లా ఎండిన జొన్నరొట్టెలు, వేరుశెనగ కారప్పొడి. నెల రోజులున్నా చెడిపోవట. నా వాటా అడగకముందే నా ఒడిలో పడేది.

వెంకటాపురం దగ్గర అడవి మొదలవుతుంది. అదంతా పులుల అభయారణ్యం కాబట్టి శివరాత్రికీ ఉగాదికీ ఆ కొద్ది రోజులే కాలినడక వాళ్లను వదులుతారు. అక్కడికి చేరేసరికి నా కుడి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. చెప్పుల్లో కాలు పెట్టలేను, చెప్పులు లేకుండా రాళ్ల మీద నడవలేను. గుంపులోని ముసలావిడ నా కాలు తన ఒళ్లోకి తీసుకుని, చేతులతో కుడుతున్నట్టు చూపించి ఏదో అడిగింది. సూది, దారం! కుట్టుపని చేసేదాన్ని, అవి లేకుండా గడప దాటను. సూదిని అగ్గిపుల్ల మంటలో కాల్చి, దారం ఎక్కించి, బొబ్బకు ఈ పక్క గుచ్చి ఆ పక్క తీసి, దారం ముక్క లోపలే వదిలేసింది. నీరంతా దారం వెంట కారిపోయింది. నొప్పి సగం తగ్గింది. కాస్త దూరంలో ఉన్న వైద్య శిబిరంలో నర్సమ్మ అది చూసి, ఇలా చేస్తే చీము పడుతుందని మందలించి, దారం తీసేసి శుభ్రం చేసి కట్టు కట్టింది. అందరికీ కాళ్లు తుడిచీ తుడిచీ ఆమె వేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. ఒకరు చేసింది ఇంకొకరు తప్పన్నారు, కానీ ఇద్దరూ నా పాదం పట్టుకున్నవాళ్లే. ఇద్దరికీ దండం పెడుతున్నాను.

నాగలూటిలో వీరభద్రస్వామికి మొక్కి, అక్కడి పాత రాతి మెట్లు ఎక్కి, పెచ్చెరువు చేరాం. శ్రీశైలానికి మెట్లు కట్టించినది 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి అని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాను. అప్పుడు అది పరీక్షలో రాసే ఒక మార్కు జవాబు. వాచిన కాలు పెట్టి ఆ రాళ్లు ఎక్కుతున్నప్పుడు, ఎప్పటి రాజో నా కోసమే వేయించినట్టు అనిపించింది. పెచ్చెరువులో చెంచుల గూడెం ఉంది. అక్కడి యువకుడు ఒకడు నా నడక చూసి, మాట్లాడకుండా వెళ్లి, నా భుజం ఎత్తుకు సరిగ్గా సరిపోయే వెదురు కర్ర నరికి తెచ్చి ఇచ్చాడు. పట్టుకునే చోట కణుపులు చెక్కి నునుపు చేశాడు. డబ్బు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి, "భీముని కొలను దగ్గర దిగేటప్పుడు కర్ర ముందు పెట్టు, కాలు తరవాత పెట్టు" అని మాత్రం చెప్పాడు.

ఆ మాటే నన్ను కాపాడింది. భీముని కొలను అంటే ఒక లోతైన లోయ. ఇటు నుంచి నిలువునా దిగాలి, అటు మళ్లీ కైలాసద్వారం దాకా నిలువునా ఎక్కాలి. మధ్యాహ్నం ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. దిగేటప్పుడు రెండుసార్లు జారాను, రెండుసార్లూ కర్రే ఆపింది. నడుముకు కట్టుకున్న గుడ్డ సంచి ఎక్కడో తెగి పడిపోయిందని కిందికి వచ్చాక గాని తెలియలేదు. డబ్బు, ఫోను రెండూ అందులోనే. కొలను పక్కన కూలబడి ఏడ్చాను. గుంపులోని ఇద్దరు కుర్రవాళ్లు తమ మూటలు అక్కడే పెట్టి, దిగిన కొండను మళ్లీ సగం ఎక్కి వెతికి వచ్చారు. దొరకలేదు. మీరే వెతకమన్నట్టు నేను ఏడ్చానేమోనని ఇప్పటికీ బాధగా ఉంది నాయనలారా. ఆ అలసటతోనే మీరు కైలాసద్వారం మెట్ల మీద నా మూట ఒకరు, నా చేయి ఒకరు పట్టుకున్నారు. ఇరవై మెట్లకు ఒకసారి ఆగి, "మల్లయ్యా" అని గట్టిగా పిలిచి, నేనూ పిలిచేదాకా ఊరుకునేవాళ్లు కాదు. పిలిస్తే ఊపిరి వచ్చేది.

దర్శనం గురించి ఎక్కువ రాయలేను. ఉగాది రద్దీకి లింగాన్ని తాకనివ్వరు, దూరం నుంచే అలంకార దర్శనం. ఆ కొన్ని క్షణాలూ నా కళ్ల నిండా నీళ్లే. వదిన కొబ్బరికాయ కొట్టాను. అమ్మవారి దగ్గర గుంపులోని ఆడవాళ్లు చీర, పసుపు సమర్పిస్తూ, ఆ పళ్లెం మీద నా చేయి కూడా వేయించారు.

వాళ్లు మర్నాడు తమ ఊరి బస్సుల వైపు వెళ్లారు. నేను కర్నూలు బస్సు కోసం బస్టాండుకు వచ్చాను. చేతిలో పైసా లేదు. ఈ సంగతి వాళ్లకు చెప్పలేదు. అప్పటికే ఎంతో తీసుకున్నాను, ఇంకా ఎలా అడగను? టీ కొట్టాయన ఫోను ఇస్తే మా ఆయనతో మాట్లాడాను. ఎవరినైనా పంపుతాను, కదలకు అన్నారు. కర్నూలు నుంచి శ్రీశైలం దాదాపు 180 కిలోమీటర్లు, ఎవరు వచ్చినా సాయంత్రం అవుతుంది. టీ కొట్టాయన బల్ల మీద చోటు చూపించి, రెండు బన్నులు, టీ ఇచ్చి, లెక్క రాసుకోకుండా తన పనిలో పడ్డాడు. ఆయనకు నా కృతజ్ఞతలు.

అంతలో తెలుగు తెలిసిన ఆ పెద్దాయన జనంలోంచి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా మూట బరువు చూసి, నా ముఖం చూసి ఆయనకు అనుమానం వచ్చిందట. కర్నూలు బస్సు రాగానే నాకు టికెట్టు తీసి చేతిలో పెట్టాడు. మీ పేరు, ఫోను నంబరు ఇవ్వండి, ఇంటికి వెళ్లగానే డబ్బు పంపుతాను అన్నాను. "మల్లయ్య అనుకో తల్లీ. వచ్చే ఉగాదికి మీ పందిట్లో మజ్జిగ పోస్తే చెల్లుకు చెల్లు" అన్నాడు. నడకలో నా మజ్జిగ కుండల సంగతి ఆయనకే చెప్పాను.

బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. నా కట్టు చూసి కండక్టరు తన సీటు ఖాళీ చేసి కూర్చోబెట్టాడు. దోర్నాల దాకా ఘాట్ రోడ్డు మలుపుల్లో తను కడ్డీ పట్టుకుని నిలబడే టికెట్లు కొట్టాడు. డ్రైవరు ఫోను ఇప్పించి, బస్సు ఎక్కానని మా ఆయనకు చెప్పించింది కూడా అతనే. ఆత్మకూరు వచ్చింది, వదిన పడుకున్న అరుగు కనిపిస్తుందేమోనని చూశాను. నందికొట్కూరు వచ్చింది, పాప పందిరి తీసేసి ఉంది. అయిదు రోజులు నడిచిన దారి ఒక్క పూటలో వెనక్కి పోతుంటే, ఒక్కో చెట్టు దగ్గరా దిగి ఇక్కడ నీళ్లు ఇచ్చారు, ఇక్కడ నీడ ఇచ్చారు అని ఎవరికైనా చెప్పాలనిపించింది. డ్రైవరు మా ఇంటి ఎదురుగానే బస్సు ఆపాడు. కండక్టరు నా కర్ర కిందికి అందించాడు. బాబూ, ఆ సీటులో కూర్చున్నంత సేపూ నీ కాళ్ల నొప్పి నాకు తెలుస్తూనే ఉంది.

పెచ్చెరువు వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, కర్ర నరికి ఇచ్చిన ఆ గూడెం అబ్బాయికి చెప్పండి, కర్ర విరగలేదు, నేను పడలేదు అని. కన్నడం తెలిసినవాళ్లు ఎవరైనా ఆ గుంపును ఎరిగి ఉంటే ఇది చదివి వినిపించండి. ముసలావిడ దగ్గర నా సూది ఉండిపోయింది, అది ఆమెదే.

పెద్దాయనా, మీరు ఇచ్చిన మాట ప్రకారం మజ్జిగకు రావాలి. బస్సు కదిలాక గాని గుర్తు రాలేదు, మా ఇల్లు ఎక్కడో మీకు చెప్పనే లేదు. కర్నూలులో నందికొట్కూరు రోడ్డు మీద వచ్చేటప్పుడు ఎడమ చేతి పక్క, రోడ్డు మీదికి వంగిన పెద్ద వేపచెట్టు, దాని కింద నీలం రంగు తలుపు. ఆ వారం అంతా తలుపు తీసే ఉంటుంది.