యాప్‌లో 'కేసు ముగిసింది', కోర్టులో 'సమన్లు': మా ప్రశ్నకు జవాబు ఎప్పుడు చెబుతారు?

నెల్లూరు

చలాన్లు తేల్చే యాప్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు గారికి,

అయ్యా,

పని ఆలస్యమైందనో, డబ్బులు ఎక్కువ తీసుకున్నారనో అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా మనిషి మీద మనిషికి ఫోన్ మార్చి, చివరికి లైన్ కట్ చేస్తున్నారు. ఒళ్లు మండేది అందుకే. చలాన్ సంగతి కంటే ఈ లెక్కలేనితనమే ఎక్కువ బాధగా ఉంది.

మా గూడ్స్ బండి పొదలకూరు నుంచి చెన్నైకి నిమ్మకాయలు తోలుతుంది. మినీ బైపాస్‌లో రాంగ్ రూట్‌లో వచ్చాడని డ్రైవర్ మీద కేసు రాశారు. కోర్టులో ఉన్న చలాన్లను కూడా తేల్చిపెడతామని మీ ప్రకటన ఉంది కాబట్టి ఆ పని మీకు అప్పగించాం. జరిమానా అని 5,000, సర్వీసు చార్జీ అని 899 కట్టించుకున్నారు. కొన్నాళ్లకు మీ యాప్‌లో పచ్చ టిక్కు పడి 'కేసు ముగిసింది' అని వచ్చింది. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో అదే కేసు ఇవాళ్టికీ పెండింగే. దశ అన్నచోట 'సమన్లు' అని, పక్కన వచ్చే వాయిదా తేదీ ఉంది. రెండింటిలో ఏది నిజమని అడిగాను. నా ప్రశ్న అంతే.

మొదట మాట్లాడిన అమ్మాయి బండి నంబరు, ఆ తర్వాత డబ్బు కట్టినదానికి వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు అడిగింది. చెప్పాను. "పెండింగ్ ఉంటే పోలీసు సైటులో కట్టేయండి సార్, మీ అకౌంటులో పడ్డాక మేం చూస్తాం" అంది. మీ దగ్గర ఇదే పనికి పెట్టుకున్న మనుషులకు ఈ కేసు సంగతి తెలియదా? రాంగ్ రూట్ 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184లోకి వచ్చింది, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్. ఏ నేరాలకు పోలీసులే జరిమానా కట్టించుకుని కేసు ముగించవచ్చో సెక్షన్ 200లో ఉంది. 184 కింద చేతిలో ఫోన్ పట్టుకుని నడిపిన వాళ్లకే ఆ వెసులుబాటు. రాంగ్ రూట్‌కు, రెడ్ సిగ్నల్ దాటినదానికి లేదు. కోర్టుకు పోవాల్సిందే. అందుకే చలాన్ పేజీలో కోర్టుకు పంపినట్టు చూపిస్తోంది, కట్టే బటనే లేదు. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. "ఒక్క నిమిషం సార్" అని హోల్డులో పెట్టింది. పాట మోగుతుండగానే 'మీ ఫిర్యాదు పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చి, లైన్ తెగింది.

తర్వాత దొరికినాయన హిందీలో మొదలుపెట్టి, నేను తెలుగు అన్నాక వేరే ఆయనకు ఇచ్చాడు. ఆ రెండో ఆయన మాట ఇది: "మేం కోర్టు సైటులో చూశాం సార్, మీ పేరు మీద ఏ కేసూ లేదు, అందుకే క్లోజ్ చేశాం."

ఇక్కడే మీ పొరపాటు మొత్తం బయటపడింది. చలాన్ నోటీసు ఆర్‌సీలో ఉన్న యజమాని పేరు మీద వస్తుంది. రాంగ్ రూట్‌లో నడిపిన కేసు నడిపినవాడి మీద పడుతుంది. నా పేరు కొడితే ఏమీ రాకపోవడం మామూలే. బండి నంబరుతో వెతకడానికి జిల్లా కోర్టుల పేజీలో గడే లేదు. అది వర్చువల్ కోర్టుల సైటులో ఉంటుంది, ఇది అక్కడి కేసు కాదు. జిల్లా నెల్లూరు, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పార్టీ పేరుతో, అంటే డ్రైవర్ పేరుతో, వెతకాలి. పేరు మొత్తం కొట్టకూడదు. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లీషులో ఒక్కో రైటర్ ఒక్కోలా రాస్తాడు కాబట్టి మొదటి నాలుగైదు అక్షరాలు కొడితే చాలు. సంవత్సరం అన్నచోట చలాన్ పడిన ఏడాది కాదు, కోర్టులో కేసు నమోదైన ఏడాది పెట్టాలి. డిసెంబరులో రాసిన కేసుకు జనవరి తర్వాత నంబరు పడితే పాత ఏడాదిలో ఎంత వెతికినా కనపడదు. అదీ కాకపోతే చట్టం పేరుతో వెతికే చోట మోటారు వాహనాల చట్టం ఎంచుకుని, ఎస్‌టీసీ (సమ్మరీ ట్రయల్) కేసులు ఒక్కొక్కటి చూసుకోవాలి. అలా వెతికితే దొరికింది. సర్వీసు చార్జీ తీసుకున్న మీరు చేయాల్సిన పని ఇది. దొరికిన ఎస్‌టీసీ నంబరు, ఒక్కో కేసుకు ఒక్కటే ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు మీ చాట్‌లో పెట్టాను. "మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని ఒక బొమ్మ వచ్చింది. నంబరు చూశామన్న మాట కూడా లేదు.

గట్టిగా నిలదీస్తే మీ టీమ్ లీడరు అనే ఆయన, "లోక్ అదాలత్‌లో అయిపోయింది సార్, మా అడ్వకేటు వెళ్లాడు" అన్నాడు. ఏ తేదీన అంటే ఒక బుధవారం తేదీ చెప్పాడు. జాతీయ లోక్ అదాలత్ ఏడాదికి నాలుగుసార్లు, శనివారాల్లో పెడతారు. అంతకంటే పెద్ద సంగతి, పోలీసులు జరిమానాతో ముగించలేని, అంటే రాజీకి వీలులేని నేరం మీద లోక్ అదాలత్‌కు అధికారం లేదని న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987, సెక్షన్ 19(5) చెబుతోంది. నేరం ఒప్పుకునే కేసును మెజిస్ట్రేటు వేరుగా తేల్చవచ్చు, కానీ దానికి మనిషో, మనిషి తరఫున వకీలో ఉండాలి. వకీలు నిలబడాలంటే వకాలత్, అంటే తన తరఫున నిలబడమని సంతకం పెట్టిచ్చిన కాగితం, ఉండాలి. మా డ్రైవర్ ఏ వకాలత్ మీదా సంతకం పెట్టలేదు, మీరు అడగనూ లేదు. లైసెన్సు జిరాక్సు, ఆధార్ జిరాక్సు కూడా తీసుకోలేదు. అలాంటప్పుడు మీ అడ్వకేటు ఎవరి తరఫున, ఏ కాగితంతో వెళ్లాడో రాతపూర్వకంగా చెప్పండి.

5,000 ఎలా లెక్కేశారో కూడా చెప్పాలి. 184 కింద మొదటి నేరానికి జరిమానా 1,000 నుంచి 5,000 దాకా ఉంటుంది, జైలు కూడా వేయవచ్చు. ఎంత వేయాలన్నది మెజిస్ట్రేటు ఇష్టం. తీర్పు రాకముందే గరిష్ఠ మొత్తం మా దగ్గర వసూలు చేశారు. మీ ప్రకటనలో 80 శాతం దాకా తగ్గింపు అని పెద్ద అక్షరాలు వేశారు. అది 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం అక్కడి పెండింగ్ చలాన్లకు, అదీ బైకులకు, ఆటోలకు, ఇచ్చిన రాయితీ. నెల్లూరు కోర్టులో ఉన్న గూడ్స్ బండి కేసుకు దానితో సంబంధం లేదు. చదువు తక్కువ ఉన్న డ్రైవర్లు ఆ అంకె చూసి డబ్బు కడుతున్నారు. అది అన్యాయం.

మీ పచ్చ టిక్కును నమ్మి ఊరుకుంటే ఏమవుతుందో మీకు తెలియాలి. వాయిదాకు ఎవరూ పోరు. సమన్లు అందాక కూడా పోకపోతే వారంటు వస్తుంది, అది డ్రైవర్ మీద. నెలజీతం మీద బతికేవాణ్ని స్టేషన్‌కు తీసుకుపోతే వాడి ఇంట్లో పరిస్థితి ఏంది? బండి మీద చలాన్ పెండింగ్ చూపిస్తే రవాణా శాఖలో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పేరు మార్పు లాంటి పనులు ఆగుతాయి. ఎఫ్‌సీ లేని బండి రోడ్డెక్కకూడదు. కాయ కోశాక మండీలో ఆగదు.

మండీలో బండ్లు పెట్టుకున్నవాళ్లకు మీ యాప్ పేరు చెప్పింది మేమే. పొల్యూషన్, ఇన్సూరెన్సు రెన్యువల్ కూడా మీ ద్వారానే చేయించాం. అన్నాళ్లు నమ్మినవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది? మమ్మల్ని అడిగి మీ దగ్గర డబ్బు కట్టినవాళ్లు ఇప్పుడు మమ్మల్నే అడుగుతున్నారు. వాళ్లందరికీ ఈ ఉత్తరం చూపిస్తాం.

కేసు నిజంగా ముగించి ఉంటే ఎస్‌టీసీ నంబరు, తీర్పు తేదీ, కోర్టులో జరిమానా కట్టిన రసీదు పంపండి. ఆ రసీదు నకలు కేసు రాసిన ట్రాఫిక్ స్టేషన్‌లో మీరే ఇచ్చి చలాన్ పేజీలో మార్పించాలి. కోర్టులో కట్టినంత మాత్రాన పోలీసు సైటులో దానంతట అది పోతుందని నమ్మకం లేదు, పని తెలిసినవాళ్లు అక్కడితో వదలరు. ముగించకపోతే ఆ మాట ఒప్పుకుని, 5,899 వెనక్కి వేసి, యాప్‌లో ఆ టిక్కు తీసేయండి. వాయిదాకు డ్రైవర్‌ను మేమే తీసుకుపోతాం. న్యాయవాది ఖర్చు మీరు భరించాలి.

ఇ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి, గ్రీవెన్స్ ఆఫీసరు పేరు సైటులో పెట్టాలి. మీ సైటులో పేరు లేదు, అందుకే హోదాకు రాస్తున్నాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేం ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. మీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా నెల్లూరు రావాల్సి ఉంటుంది. తీర్పు లేకుండా 'కేసు ముగిసింది' అని చూపి డబ్బు తీసుకోవడం మోసం కిందికి వస్తుందని పోలీసులకూ రాసిస్తాం.

కేసు పేజీ, మీ యాప్ తెర, యూపీఐ రసీదు ఫొటోలు దీనికి జతచేశాను. మళ్లీ బండి నంబరు, యూటీఆర్ అడగొద్దు, రెండూ మీ దగ్గరున్నాయి. ఫోన్ కూడా వద్దు. జవాబు కాగితం మీద, బాధ్యత ఉన్న మనిషి సంతకంతో, వాయిదా తేదీ లోపల పంపండి.

ఇట్లు,
గూడ్స్ బండి యజమాని,
పొదలకూరు రోడ్డు, నెల్లూరు