బండి కదలకపోతే ముందు చిన్న బ్యాటరీ చూడండి

విశాఖ గాజువాకలో మా షెడ్డుకి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. చిన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు కొన్నవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: మీ దగ్గర వీటికి ఏ పని చేస్తారు, ఏది చెయ్యరు? తుపాన్ల రోజులు కూడా దగ్గరపడుతున్నాయి. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

క్రేన్ మీద మా దగ్గరికి వచ్చిన ఎలక్ట్రిక్ బండ్లలో చాలావాటికి పెద్ద బ్యాటరీ నిక్షేపంగా ఉంటోంది. పోయేది బానెట్ కింద ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, నిజమే. కానీ దాన్ని మోటారుకి కలిపే రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు, పడాలంటే ఈ చిన్నదాని కరెంటే దిక్కు. అది దిగిపోతే బండిలో 80 శాతం ఛార్జింగ్ ఉన్నా స్క్రీన్ వెలగదు, కొన్ని బండ్లలో ఛార్జింగ్ గన్ కూడా ఊడి రాదు. పెట్రోలు బండి అయితే సెల్ఫ్ బరువుగా తిరుగుతూ ముందే చెప్పేది. ఇందులో సెల్ఫ్ మోటారే లేదు కాబట్టి రాత్రి బాగున్న బండి పొద్దున్నకి ఉలకదు పలకదు. పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేసే డాష్‌క్యామ్ బిగించినవాళ్లకీ, వారాల తరబడి బండి తియ్యనివాళ్లకీ ఈ బాధ ఎక్కువ.

కాబట్టి క్రేన్ పిలవకముందు మాకు ఫోన్ చెయ్యండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక చిన్న బ్యాటరీకి మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, బండి ఆన్‌లో ఉన్నప్పుడు 13.5 దాటాలి. ఆన్‌లో కూడా పెరగకపోతే దాన్ని ఛార్జ్ చేసే కన్వర్టర్ సంగతి చూడాలి, అది కంపెనీ సర్వీసులోనే. ఇంకొక మాట, మీ ఎలక్ట్రిక్ బండి నుంచి కేబుళ్లు వేసి పక్కవాళ్ల పెట్రోలు బండి స్టార్ట్ చెయ్యకండి. సెల్ఫ్ లాగే అంత కరెంటు ఇవ్వడానికి ఆ కన్వర్టర్ చేసినది కాదు.

రెండోది ఇంటి ఎర్తింగ్. ఛార్జర్ మీద ఎర్ర లైటు రాగానే బండి పాడైందని కంగారు పడతారు. తీరా చూస్తే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సాకెట్‌కి ఎర్త్ వైరు ఉంటుంది గానీ దాని రెండో కొస ఏ గొయ్యికీ చేరదు. మన కొండవాలు రాతినేలలో గొయ్యి ఉన్నా వేసవికి ఎండిపోతుంది, నీళ్లు పొయ్యాలి. ఛార్జర్ ఆగిపోతున్నది మిమ్మల్ని షాక్ నుంచి కాపాడటానికే. దయచేసి దాన్ని ఏమార్చే అడాప్టర్లు కొనకండి, అలాంటివి బిగించమంటే మేం బిగించం. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వద్దు. రాత్రంతా 15 ఆంపియర్లు లాగితే మామూలు సాకెట్ కరిగిపోతుంది. మీటరు బోర్డు నుంచి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి విడిగా ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించుకోండి. ఇక్కడ వెయ్యో రెండు వేలో మిగుల్చుకోవాలని చూడొద్దు.

ఉప్పుగాలి గురించి మన ఊళ్లో వేరే చెప్పక్కర్లేదు. ఎలక్ట్రిక్ బండి యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానే మోటారుతోనే వేగం తగ్గుతుంది, ఆ కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. దీన్నే రీజెన్ అంటారు. అందుకే బ్రేకు డిస్కులకి పని తక్కువ. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఉండే బండ్లకి ఆ డిస్కులు తుప్పు పట్టి, డిస్కుని నొక్కి పట్టే కాలిపర్ పిన్నులు బిగుసుకుపోతున్నాయి. వారానికోసారి రీజెన్ తగ్గించి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కండి. పిన్నులు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడం మేం చేస్తాం. బ్రేకు ఆయిల్ రెండేళ్లకి మార్చాల్సిందే.

అరకు వెళ్లేవాళ్లకి ఒక జాగ్రత్త. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. టన్నున్నర బండిని అంత ఎత్తుకి చేర్చడానికే దాదాపు 4 యూనిట్లు అదనంగా పోతాయి, కాబట్టి ఎక్కేటప్పుడు రేంజ్ పడిపోతే భయపడకండి. దిగేటప్పుడు కొంత వెనక్కొస్తుంది. అయితే పైన రాత్రి 100 శాతం నింపుకుని పొద్దున్నే ఘాట్ దిగారంటే బ్యాటరీలో చోటు ఉండదు, రీజెన్ పట్టదు, భారమంతా ఆ తుప్పు డిస్కుల మీదే పడుతుంది. 85 దగ్గర ఆపి బయల్దేరండి. పిల్లలతో వెళ్లే దారి అది.

ఛార్జింగ్ 15 శాతం నుంచి ఒక్కసారిగా సున్నాకి పడిపోతోందని చెప్పేవాళ్లు ముందు ఇంట్లో స్లో ఛార్జింగ్‌తో 100 వరకు నింపి, ఆ తర్వాత కూడా కాసేపు గన్ తియ్యకుండా ఉంచండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలకి ఇది అప్పుడప్పుడు అవసరం, సెల్స్ సమానమై లెక్క సరిపడుతుంది. అలా చేసినా మారకపోతే కంపెనీకి తీసుకెళ్లండి. చాలా కంపెనీలు పెద్ద బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. బయట ఎవరైనా విప్పితే అది పోతుంది.

అందుకే పెద్ద బ్యాటరీ, హై వోల్టేజ్ ఉండే నారింజ రంగు కేబుళ్లు, సాఫ్ట్‌వేర్, ఈ మూడూ మేం ముట్టుకోం. ఎంత డబ్బు ఇస్తామన్నా సరే. మా కుర్రాళ్ల ప్రాణం, మీ వారంటీ రెండూ అందులో ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు కాబట్టి ఈ బండ్లతో మాకు రాబడి తక్కువే. అయినా లేని రిపేరు చూపించి బిల్లు వెయ్యం. చూసి కంపెనీకి పంపిస్తే మీ దగ్గర రూపాయి తీసుకోం.

వానలో అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ఆగిపోండి. బ్యాటరీకి ఐపీ67 రేటింగ్ ఉందిగా, నీళ్లు దూరవు అనుకోకండి. ఐపీ67 అంటే నిలిచిన మంచినీళ్లలో, మీటరు లోతులో, అరగంట చేసే పరీక్ష. కొత్త బ్యాటరీ మీదే ఆ పరీక్ష, తుప్పు పట్టిన కనెక్టర్ల మీద కాదు. నీళ్లలో మునిగిన బండిని ఆన్ చెయ్యకుండా, ఛార్జింగ్ పెట్టకుండా కంపెనీకి చెప్పండి.

వచ్చే నెల నుంచి ఆదివారాలు మా ఎలక్ట్రీషియన్ ఇంటికొచ్చి సాకెట్, ఎర్తింగ్ చూస్తాడు. మధురవాడ, ఎంవీపీ కాలనీ వాళ్లు శుక్రవారంలోగా ఫోన్ చేస్తే ఒకే రోజు చుట్టేస్తాడు. అపార్ట్‌మెంట్ వాళ్లయితే మీటరు గది తాళం వాచ్‌మన్ దగ్గర ఉండేలా చూసుకోండి.