వైరు విప్పి నైలాన్ కడదాం

ఎడిటర్ గారికి,

సొరచేప రెక్కలు పట్టుబడ్డాయని పేపర్లో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అందరూ నా వంకే చూస్తారు. ఇరవై రెండేళ్లు విశాఖ బోట్ల మీద లాంగ్‌లైన్, అంటే వరసగా గేలాలు కట్టిన పొడవాటి తాడు, వేశాను. ఆఖరి తొమ్మిదేళ్లు సరంగుగా, అంటే బోటు నడిపే పెద్దగా. మేం వెళ్లేది సూరల కోసం, అంటే ట్యూనా చేపల కోసం. సొర వద్దన్నా పడుతుంది. సూరకీ సొరకీ మాటలో ఒక్క అక్షరం తేడా, గేలానికి అదీ తెలీదు.

ఓ తెల్లవారుజామున తాడు లాగుతుంటే బరువుగా వచ్చింది. తోక ఒంటి అంత పొడవుండే సొర, త్రెషర్ అంటారు. అది తోకతో కొట్టి వేటాడుతుంది, అందుకే గేలం తోకకే దిగింది. వెనక్కి లాగితే దానికి ఊపిరాడదు. పైకొచ్చేసరికే చచ్చిపోయింది. ఒడ్డున కోస్తే కడుపులో రెండు పిల్లలు, తోకలు ఒంటికి చుట్టుకుని. ఈ జాతి కాన్పుకి మామూలుగా పెట్టేవే రెండు. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ త్రెషర్లను బోటులో ఉంచుకోకూడదని 2010లోనే చెప్పింది. ఆ మాట మాకెవరూ చెప్పలేదు.

ఒకప్పుడు రెక్కలు బోటు కప్పు మీదే ఎండేవి. అవి అమ్మిన డబ్బు మా చేతి ఖర్చు, ఓనరు అడిగేవాడు కాదు. 2013లో సొరను ఒడ్డుకు తెస్తే రెక్కలు ఒంటికే ఉండాలన్నారు, 2015లో రెక్కల ఎగుమతి ఆపేశారు. మంచిదే. కానీ తనిఖీ జరిగేది జెట్టీ మీద, సొర చచ్చేది నడిసముద్రంలో.

గేలానికి పైన కట్టే తీగ వైరైతే సొర కొరకలేదు. నైలాన్ అయితే కొరికేసి పోతుంది. నేను రెండు సీజన్లు నైలాన్ కట్టి చూశాను. గేలాలు పోయాయి, ఓనరు తిట్టాడు. సూరలు మాత్రం తగ్గలేదు, నైలాన్ వాటి కంటికి అంతగా ఆనదు మరి. పశ్చిమ, మధ్య పసిఫిక్‌లోని ఉష్ణమండల జలాల్లో 2024 నుంచి లాంగ్‌లైన్‌కి వైరు వద్దన్నారు.

మొన లోపలికి తిరిగి ఉండే గుండ్రటి గేలం (సర్కిల్ హుక్) సంగతి వేరు. దాంతో సొరలు తక్కువ పడతాయని నేను చెప్పను. కాకపోతే కడుపులోకి దిగకుండా మూతి అంచున గుచ్చుకుంటుంది, వదిలితే బతికే ఆశ ఎక్కువ. తాబేళ్లకీ అంతే. వదిలేటప్పుడు పైకి ఎత్తకుండా, బోటు పక్కనే ఉంచి, పొడవు కర్రకు కట్టిన కత్తెరతో గేలం దగ్గరగా కోయాలి. బారెడు తాడు వేలాడుతుంటే తర్వాతైనా ఆ సొర చచ్చే ప్రమాదం ఎక్కువ.

సొర తినొద్దని నేననను. మా కోడలికి కాన్పయినప్పుడు పిట్టుకి పాలసొర తెచ్చింది నేనే. మత్స్య సంపద యోజనలో లోతు సముద్రం బోట్లకు సబ్సిడీ ఇస్తున్నారు కదా, అదే సామానులో నైలాన్ తీగలు, గుండ్రటి గేలాలు, ఆ కత్తెర కూడా చేర్చమంటున్నాను. పోయిన గేలాలకు కొంత పరిహారం ఇస్తే ఓనర్లూ ఒప్పుకుంటారు.

ఒక్క మాట. వేట విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మేం తాళ్లు బాగుచేసుకునేది ఆ రెండు నెలల్లోనే. సామాను జూలైలో ఇస్తే షెడ్డులో మూలన పడుతుంది.

ఇట్లు,
ఒక మాజీ సరంగు,
పూడిమడక, అనకాపల్లి జిల్లా